హార్వర్డు మానేసిన పాలమూరు పోరడు

బిల్ గేట్స్ చదువు మానేశాడన్న వార్త 1975లో పుట్టింది. అమెరికాలో బయలుదేరి, దారిలో ఎక్కడెక్కడ ఆగిందో గానీ, మా జడ్చర్ల బస్టాండుకు చేరేసరికి దశాబ్దాలు పట్టింది. చేరాక మాత్రం కదలనంటోంది. ఛాయ్ హోటల్లో అదే, మంగలి షాపులో అదే, వాట్సాప్ స్టేటస్‌లో వెనక సింహం బొమ్మతో అదే. పదో తరగతి పిల్లగాడు నాలుగు రోజులు బడికి రాకపోతే చాలు, వాడి తండ్రి భుజం మీద చెయ్యేసి ‘‘బిల్ గేట్స్ సదివిండా ఏందే? పనికి తోలు’’ అనే పెద్దమనుషులు ఊరికి ఇద్దరికి తక్కువ లేకుండా తయారయ్యారు. వీళ్లను పాఠకులకు ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు. మీ వీధిలోనూ ఒకాయన ఉంటాడు. మెడలో గొలుసుంటుంది, కొడుకు మాత్రం హైదరాబాదులో కార్పొరేట్ కాలేజీలో ఉంటాడు.

ఇంతమంది ఇంత గట్టిగా చెబుతున్నప్పుడు తోసిపుచ్చడం మర్యాద కాదు గనక, ఈ సలహా అమలుకు ఒక కార్యాచరణ ప్రణాళిక తయారుచేయడానికి కూర్చున్నాను.

గేట్స్ గారు మానేసింది హార్వర్డు విశ్వవిద్యాలయం. కాబట్టి ఆయన బాటలో నడవదలచిన మా మిడ్జిల్ పిల్లగాడు కూడా హార్వర్డే మానేయాలి. మానేయాలంటే ముందు చేరాలి. చేరాలంటే పన్నెండేళ్ల చదువు పూర్తి కావాలి. అందుకు ముందు టెన్త్ పాసు కావాలి. అంటే బిల్ గేట్స్ లాగా చదువు మానేయాలన్నా మా వాడు రేపు పొద్దున బడికి పోక తప్పదు. ప్రణాళిక మొదటి పేజీలోనే ఇలా అడ్డం తిరుగుతుందని నేననుకోలేదు. స్టీవ్ జాబ్స్ ఫైలు తెరిచాను. ఆయన 1972లో మానేసింది రీడ్ కాలేజీ. జుకర్‌బర్గ్? మళ్లీ హార్వర్డే. ముగ్గురిలో ఒక్కడు కూడా హైస్కూలు ఎగ్గొట్టి బతుకుదెరువు వెతుక్కున్నవాడు లేడు. పైగా గేట్స్ గారి తండ్రి పేరున్న లాయరు. 1968లోనే గేట్స్ గారు చదివిన ప్రైవేటు బడిలోకి కంప్యూటర్ టెర్మినల్ వచ్చింది. అప్పటికి మా పాలమూరు పల్లెల్లో సాయంత్రం కాగానే లాంతరు చిమ్నీలు తుడుచుకుంటున్నారు.

ఇక రెండో అంచె, గ్యారేజీ. బడి మానేసిన వెంటనే గ్యారేజీలో కంపెనీ పెట్టాలట. గ్యారేజీ ఉండాలంటే కారుండాలి. కారుండాలంటే ఇల్లు అప్పులో లేకుండా ఉండాలి. ఇల్లు అప్పులో లేకుండా ఉంటే పిల్లగాణ్ని పనికి తోలే ముచ్చటే రాదు. ఫైలు మూసేశాను.

అయినా నా కడుపు మండింది స్టేటస్‌లు చూసి కాదు, మొన్నామధ్య ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ పిల్లల వీడ్కోలు సభ చూసి. బడి పేరు వద్దు. ముఖ్య అతిథి పేరు అసలే వద్దు, బెంగుళూరు హైవే పక్కన వెంచర్లు వేసే పెద్దమనిషి అంటే చాలు. పదిన్నరకు రావలసిన ఆయన ఎండ నడినెత్తికెక్కాక వచ్చారు. అప్పటిదాకా పిల్లలు గ్రౌండులో కూర్చుని ‘వన్ టూ త్రీ’ చప్పట్లు ప్రాక్టీసు చేశారు. శాలువలు మొదలయ్యాయి. అతిథికి శాలువ, అతిథి వెంట వచ్చిన వారికి శాలువ, వారి బండి నడిపిన తమ్ముడికి కూడా మర్యాదకు ఒక శాలువ. మార్చి ఎండలో అంతమంది అన్ని శాలువలు కప్పుకుని వేదిక మీద చెమటలు కక్కుతుంటే, వందన సమర్పణ చేయవలసిన సారు తన వంతు ఇప్పట్లో రాదని గ్రహించి వెళ్లి భోజనం చేసి వచ్చారు.

అతిథి మైకు పట్టుకున్నారు. ముందు వరసలో ఒక పిల్లగాణ్ని లేపారు.

‘‘నువ్వు పెద్దగై ఏమైతవ్ రా?’’

‘‘లెక్కల సార్ అయిత సార్.’’

‘‘లెక్కల సారే ఎందుకు?’’

‘‘మా బళ్లె ఆ పోస్టు ఖాళీగున్నది సార్.’’

హెడ్మాస్టర్ గారు వెంటనే ఆకాశంలోకి చూశారు. ఆ బడికి దసరా నుంచి లెక్కల సారు లేరు, డెప్యుటేషన్ మీద పోయినాయన పోయినట్టే ఉన్నారు. అతిథి గారికి ఇవేవీ పట్టలేదు. ‘‘సార్ అయితే ఎంతొస్తదిరా పిచ్చోడా! నేను ఎనిమిదిలనే బంద్ పెట్టిన. ఇయ్యాల నా కింద బీటెక్ చేసినోళ్లు పనిజేస్తున్నరు. బిల్ గేట్స్ సదివిండా? సదువు కాదు, ధైర్యముండాలె!’’ చప్పట్లు. వన్ టూ త్రీ. ఆ బీటెక్ వాళ్లనే ఎందుకు పెట్టుకున్నారు, ఎనిమిదో తరగతి మానేసిన ధైర్యవంతులను పెట్టుకోవచ్చు గదా అని ఎవరూ అడగలేదు. వేదిక మీద అలాంటివి అడిగే ఆచారం లేదు.

తర్వాత బహుమతులు. చదువు దండగని అంతసేపు చెప్పిన నోటితోనే పిల్లలందరికీ పరీక్ష అట్టలు పంచారు. అట్ట నిండా ఆయన ఫోటో, చేతులు జోడించి, వెనక వెంచర్ గేటు, కింద ఫోన్ నంబరు. అచ్చు ఉన్న అట్టను పరీక్ష హాల్లోకి రానివ్వరన్న సంగతి ఎనిమిదిలో ఆపేసిన ఆయనకు తెలిసే వీలు లేదు. పంపిణీ సగంలో ఉండగా గడియారం చూసుకుని లేచారు. ‘‘ఏమనుకోకుండ్రి, మా పిల్లగాని కోచింగ్ సెంటర్ల పేరెంట్స్ మీటింగున్నది.’’ చప్పట్లు.

ఈ పెద్దమనిషి వాదం వీగిపోతే పట్టుకోవడానికి ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది: ‘‘బీటెక్ చేసినోడు జొమాటో తిప్పుతుండు, ఇగ టెన్తెందుకు?’’ నిజమే, తిప్పుతున్నాడు. వాడు నాలుగు నెలలు తిప్పి, ఇంకో పరీక్ష రాసి, ఇంకో చోటికి పోతాడు. టెన్త్ లేనివాడు తిప్పుతూనే ఉంటాడు, అదీ పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చాక. సైన్యంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి టెన్త్ కావాలి. ఐటీఐలో చాలా ట్రేడులకు టెన్త్ కావాలి. ఆఖరికి దేశం విడిచి పోదామన్నా, టెన్త్ లేనివాడి పాస్‌పోర్టులో సాధారణంగా ‘ఈసీఆర్’ అని పడుతుంది, గల్ఫ్ లాంటి చోట్లకు పనికి పోవాలంటే సర్కారు అనుమతి విడిగా తెచ్చుకోవాలి. ఆ ఒక్క టెన్త్ మెమో లేనివాణ్ని పారిపోనివ్వడానికి కూడా కాగితం అడిగే దేశం ఇది.

మరి బడి మానేసిన పిల్లలకు దొరికే ఆ ‘జాబ్’ ఏమిటో చూద్దాం. కూలీలను గుంపుగా పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ ఇంటికొస్తాడు. బోరు ఎండిపోయిన అప్పో, అక్క పెండ్లి అప్పో ఉంటుంది. అడ్వాన్సు చేతిలో పెడతాడు. ‘‘పోరనికి మీసాలొచ్చినయ్ గదనే’’ అంటాడు. ముంబై బస్సు, పుణె బస్సు, తట్ట, పార, రేకుల షెడ్డు. నాగార్జునసాగర్ కాలం నుంచి ఈ దేశంలో డ్యాములు కట్టిన చేతులు మా పాలమూరువి. ఆ కట్టినోళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఎక్కడున్నాయో వెతకండి. గద్వాల దిక్కు పోతే సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, తెల్లారి పుప్పొడి అద్ది క్రాసింగ్ చేయాలి, ఒక్కొక్క పువ్వునూ చేత్తో. పొద్దున అదే టైముకు బడి గంట కొడతారు. దానికి చిన్న వేళ్లు బాగుంటాయట. ఆడపిల్లల వేళ్లయితే ఇంకా బాగుంటాయట. తనిఖీకి ఆఫీసర్లొస్తే ప్రతి పిల్లా ఆ చేను రైతుకు మేనకోడలే, ప్రతి చేనూ సొంత చేనే. ఎందుకంటే 2016 బాల కార్మిక సవరణ చట్టంలో ఇంటి పనికి, అదీ బడి అయిపోయాక, మినహాయింపుంది. మేనకోడళ్లు ఇంతమంది ఉన్న రైతులు దేశంలో ఇంకెక్కడా ఉండరు.

చట్టం చేయి పట్టుకునేది కూడా పద్నాలుగేళ్ల దాకానే. విద్యాహక్కు అక్కడితో సరి. ఆ తర్వాత ప్రమాదకరమైన పనులకు తప్ప బాల కార్మిక చట్టానికీ పెద్దగా పట్టింపు లేదు. సరిగ్గా తొమ్మిదిలో, పదిలో, మేస్త్రీ వచ్చే వయసులో, సర్కారు చెయ్యి వదిలేస్తుంది.

ఇగ దీన్ని పట్టుకొని పిల్లలు ‘నిర్ణయం’ తీసుకున్నరంటరు. ఏం నిర్ణయమయ్యా? పదిహేనేండ్ల పిల్లను ఎవడడిగిండు? అడ్వాన్సు తీసుకున్ననాడు ఆ పిల్ల లెక్కల పరీక్ష రాస్తున్నది. ఇంటికొచ్చేసరికి సంచి సదిరిపెట్టిన్రు. తల్లిదండ్రులను నేననను, వాళ్లకు ఇంకో దారి చూపించినోడు లేడు. నేననేది మైకులోళ్లను. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ల సదువుకున్నోళ్లు నూటికి 55 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంల అన్నిటికన్నా కిందున్న జిల్లా మాది. సదువు ఎక్కువై చెడిపోయిన జిల్లా కాదిది, సదువు లేక తట్ట మోసిన జిల్లా. ఈ గడ్డ మీద నిలవడి, తట్ట మోసేటోని కొడుకుకు సదువెందుకని చెప్పనీకె నోరెట్ల వచ్చింది? నీ కొడుకు కోచింగ్ ఫీజు కట్టిన చేతితోనే మైకు పట్టుకుంటివి గద!

క్షమించాలి, వ్యాసం ప్రణాళిక నుంచి కొంచెం పక్కకు పోయింది.

మళ్లీ విషయానికి వస్తే, ఉమ్మడి నల్లగొండలోని సర్వేల్‌లో 1971లో గురుకుల పాఠశాల పెట్టారు. దాని వెనక ఉన్నది పీవీ నరసింహారావు గారు. పేదింటి పిల్లలు బడిలోనే తిని, అక్కడే పడుకుని, చదువుకుంటే ఏమవుతుందో చూద్దామన్నది ఆయన ఆలోచన. ఏమైందో చూడాలనుకునేవాళ్లు అక్కడి పూర్వ విద్యార్థుల్లో కలెక్టర్లెవరో, డాక్టర్లెవరో అడిగి తెలుసుకోవచ్చు. అయితే అది చాలా నెమ్మదైన పద్ధతి. సింహం బొమ్మ స్టేటస్‌లో పట్టదు.

నిజంగానే ఇంట్లో గడవక బడి మానేసి పనిలో పడ్డ పిల్లలు మన మధ్య ఉన్నారు, రేపూ ఉంటారు. వాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పని చేసుకుంటూనే టెన్త్ రాయొచ్చు, సబ్జెక్టులు ఒకేసారి కాకుండా విడతలుగా పాసు కావచ్చు. దరఖాస్తు మీసేవలో పెట్టుకోవచ్చు. వీడ్కోలు సభలో ఆ ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ముఖ్య అతిథి గారికి ప్రసంగం రాసిచ్చిన తమ్ముడు ఆ ముక్క రాయలేదు. అట్ట మీద ఖాళీ కూడా లేదు, అంతా ఫోటోనే.