పరీక్ష ఎవరి కోసం?

కొడుకు మీద అనుమానం వచ్చిన తండ్రి ఆన్‌లైన్‌లో డ్రగ్ టెస్ట్ స్ట్రిప్ తెప్పించాడనుకుందాం. మూత్రంలో ముంచి ఐదు నిమిషాలు ఆగితే రెండు గీతలు కనిపించాయి. గర్భ పరీక్ష కిట్‌లో రెండు గీతలంటే ‘ఉంది’ అని అందరికీ తెలుసు. ఇక్కడా అదే అనుకుని ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడు. నిజానికి ఈ స్ట్రిప్‌లో లెక్క తిరగబడుతుంది. రెండు గీతలంటే డ్రగ్ లేదని. రెండో గీత లీలగా ఉన్నా లేదనే అర్థం. పైన ఒక్క గీతే మిగిలితేనే ఉన్నట్టు, అదీ ప్రాథమిక అనుమానంగా మాత్రమే.

ఇంట్లో జరిగే ఈ పొరపాటు ఆసుపత్రిలో మరో రూపంలో జరిగితే, ముఖ్యంగా ఓపియాయిడ్లు వాడే రోగుల విషయంలో, ప్రాణాల మీదకు వస్తుంది. ఓపియాయిడ్ అంటే నల్లమందు, హెరాయిన్‌లతోపాటు మార్ఫిన్, కోడిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు కూడా. ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. వీటి వాడకం వల్ల సమస్యలో పడ్డవారు దేశంలో సుమారు 77 లక్షల మంది అని అది తేల్చింది. అందులో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది. ఇది పంజాబ్ గొడవ, మనకెందుకు అనుకునే వీలు లేదు.

చికిత్సలో మూత్ర పరీక్షకు నిజమైన విలువ ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం అనే మత్తు మందు కలుపుతారని తెలియనివారు లేరు. ఓపియాయిడ్‌కు తోడు అది ఒంట్లో చేరితే ఊపిరే ఆగిపోవచ్చు. తాగినవాడికి అందులో ఏం కలిపారో తెలియదు, డాక్టర్‌కు చెప్పలేడు. పరీక్ష చెబుతుంది. ఓపియాయిడ్ అలవాటుకు చికిత్సగా రాసిచ్చిన బుప్రెనార్ఫిన్ మాత్ర రోగి వేసుకుంటున్నాడా, పక్కన పెడుతున్నాడా అన్నదీ తెలుస్తుంది. కానీ దానికి వేరే స్ట్రిప్ కావాలి. నల్లమందు నుంచి వచ్చే ఓపియేట్‌ల కోసం చేసిన మామూలు స్ట్రిప్ బుప్రెనార్ఫిన్‌ను పట్టదు, ట్రమడాల్‌నూ, అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ ఫెంటానిల్‌నూ పట్టదు. హెరాయిన్ జాడ కూడా రెండు మూడు రోజులకే పోతుంది.

లేనిదాన్ని ఉన్నట్టు చూపించే సందర్భాలూ తక్కువేం కాదు. మన మసాలాలో పడే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. అవి తిన్నా ఓపియేట్ పరీక్ష పాజిటివ్ రావచ్చు. ఈ ఇబ్బంది వల్లే 1998లో అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షలో పాజిటివ్‌గా లెక్కించే పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచింది. 300 పరిమితి స్ట్రిప్‌లు మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు. టీబీకి వాడే రిఫాంపిసిన్, లెవోఫ్లాక్సాసిన్ కూడా కొన్ని కిట్లలో తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో ల్యాబ్ నిర్ధారణ లేకుండా ఎవరినీ దోషిగా చూడకూడదు.

అమెరికా ఈ దారిలో ముందే నడిచి దెబ్బతిన్నది. నొప్పికి ఓపియాయిడ్ మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి మూత్ర పరీక్ష చేయాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2016లో సూచించింది. కొందరు డాక్టర్లు ఫలితం తేడాగా వస్తే రోగిని వదిలించుకోవడం మొదలుపెట్టారు. మందు ఆగిన మనిషి వీధిలో దొరికేదాని కోసం వెళ్తాడు, అక్కడ ఫెంటానిల్ ఉంటుంది. 2022లో సవరించిన మార్గదర్శకాలు పరీక్ష ఫలితాన్ని చూపి రోగిని తొలగించవద్దని స్పష్టంగా చెప్పాయి. పరీక్షలు వ్యాపారంగానూ మారాయి. అనవసరమైన మూత్ర పరీక్షలకు ప్రభుత్వం దగ్గర బిల్లులు వసూలు చేసిందన్న ఆరోపణలు తదితర కేసుల్లో మిలీనియం అనే ల్యాబ్ 2015లో 25.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇంకా బాధాకరమైనది సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ కథ. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి గర్భిణుల మూత్రంలో కొకైన్ ఉందేమో చూసి, ఫలితాలను పోలీసులకు ఇచ్చింది. కాన్పు కోసం వచ్చిన తల్లులు అరెస్టయ్యారు. వారి అనుమతి లేకుండా అలా చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

మన దగ్గర పోలీసుల చేతిలో కూడా ఇవే కిట్లు ఉన్నాయి. వారి పని వారిది. కానీ ఆసుపత్రిలో ఇచ్చిన మూత్రం రేపు కేసు కాగితమవుతుందన్న టెన్షన్ ఉంటే ఏ రోగీ గడప తొక్కడు. డ్రగ్ వాడకం, చిన్న మొత్తాల కేసుల్లో స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవారికి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? ప్రతి డీ అడిక్షన్ కేంద్రం గోడ మీద దీన్ని తెలుగులో రాసి పెట్టాలి. పరీక్షకు ముందు రోగి సమ్మతి తీసుకోవాలి, ఏయే మందులు వాడుతున్నాడో అడగాలి. బుప్రెనార్ఫిన్ స్ట్రిప్‌లు, ల్యాబ్ నిర్ధారణ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా అందాలి.

ఒక్క గీతే కనిపించిన రోజున డాక్టర్ అడగాల్సిన ప్రశ్నలు వేరు. డోసు చాలుతోందా? రాత్రి నిద్ర పడుతోందా? ఈ వారం ఇంట్లో ఏం జరిగింది? ఏ జవాబు వచ్చినా, ఆ రోజు ఇవ్వాల్సిన మాత్ర ఇవ్వకుండా మాత్రం అతన్ని బయటకు పంపకూడదు.