పదార్థం పిల్లల కంట పడరాదు

చిన్నపిల్లలకు పదార్థాల ధర్మాలు నేర్పే విషయంలో వరంగల్, హనుమకొండ తల్లిదండ్రులు కొందరు మరీ అజాగ్రత్తగా ఉంటున్నారు. పిల్లల్ని వంటింట్లోకి రానిస్తున్నారు, నీళ్ల బకెట్ దగ్గర కూర్చోనిస్తున్నారు. దీనివల్ల పాఠానికి జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

పాఠం లక్షణంగా ఉంది. ఘనానికి సొంత ఆకారం ఉండును, ద్రవం పాత్ర ఆకారం పొందును, గాలి కంటికి కనబడదు. మూడు వాక్యాలకు మూడు మార్కులు. డిజిటల్ బోర్డు మీద మంచుగడ్డ నాలుగు సెకన్లలో కరుగుతుంది, నేల తడవదు, ఆయమ్మ తిట్టదు. ఇంత సుఖం ఉండగా పిల్లవాడి చేతికి బియ్యం ఎందుకిచ్చినట్టు? చెంబులో పోస్తే చెంబులా, సోలలో పోస్తే సోలలా ఒదుగుతాయి. మరి ద్రవమేనా అంటాడు. గింజ గింజకూ సొంత ఆకారం ఉందని, పళ్లెంలో పోస్తే నీళ్లలా పరుచుకోకుండా కుప్పగా నిలుస్తాయని వాడే చూసి తేల్చుకోవడానికి పావుగంట పడుతుంది. సిలబస్‌లో ఆ పావుగంట లేదు. ఇక నెయ్యి సంగతి ఎత్తకపోవడమే మంచిది. సంక్రాంతికి గడ్డ, మే నెలలో నూనె. వర్క్‌షీట్‌లో దాన్ని ఏ గడిలో రాయాలి?

అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ గాజు గ్లాసు. అడుగున పొడి కాగితం గట్టిగా దోపి, బోర్లించి, నిటారుగా బకెట్ నీళ్లలోకి దించితే కాగితం తడవదు. లోపలి గాలి నీళ్లకు చోటివ్వదు. మూతి దగ్గర మాత్రం గాలి కొంచెం నొక్కుకుని నీళ్లు రవ్వంత ఎక్కుతాయి. కాగితం వదులుగా ఉంటే జారిపడుతుంది. గ్లాసు కాస్త ఒరిగినా బుడబుడమని గాలి బయటపడి నీళ్లు జొరబడతాయి. ఒరిగితే ప్రయోగం చెడిందని పెద్దలు సంతోషించేలోపే, కంటికి కనబడదని రాసుకున్న గాలిని ఆ పోరడు బుడగల్లో చూసేస్తాడు.

ఒక్క మేలుంది. చెంబులో నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులోకి వంపితే ఏడేళ్లలోపు పిల్లలు చాలామంది నీళ్లు పెరిగాయంటారు. ఈ సంగతి స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఎప్పుడో గమనించాడు. చెబితే నమ్మరు, అటూ ఇటూ తామే పోసుకోవాలి. పోస్తే ఒలుకుతాయి, ఒలికితే నిజంగానే తగ్గుతాయి, లెక్క తప్పుతుంది. కింద పళ్లెం పెట్టి ఒలికినవి తిరిగి పోయించే దుష్ట ఆలోచన ఎవరికీ రాకుండుగాక.

బరువైనవి మునుగును, తేలికైనవి తేలును అనే సూత్రానికీ శత్రువులున్నారు. సంత్ర పండు తొక్కతో తేలుతుంది, తొక్క తీసి బరువు తగ్గిస్తే మునుగుతుంది. తొక్కలోని గాలి చేసే పని అది. తాజా కోడిగుడ్డు మంచినీళ్లలో మునుగుతుంది. పావు లీటరు నీళ్లలో నలభై గ్రాముల ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలిపితే తేలుతుంది. కలపకుండా వదిలితే ఉప్పు అడుగునే ఉండిపోతుంది, గుడ్డు కదలదు. మరీ పాత గుడ్డు తెస్తే, లోపలి గాలి అర పెరిగి ఉంటుంది కాబట్టి ఉప్పు లేకుండానే తేలి పరువు తీస్తుంది.

ఈ అరాచకానికి మూలం ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. 1213లో అక్కడ రామప్ప గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడికి ‘ఇటుక నీటిలో మునుగును’ అని బట్టీ పట్టించిన పంతులు దొరకలేదు. అందుకే రామప్ప శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. లోపలంతా సన్నటి రంధ్రాలు, అంత పరిమాణం నీళ్లకన్నా ఇటుకే తేలిక. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చేసరికి నోరు మూయించే వీలు కూడా పోయింది.

ఇప్పుడు ‘ఇటుక నీటిలో ______’ అనే ఖాళీ చూసి ములుగు వైపు పిల్లవాడెవడైనా ‘ఏ ఇటుక సార్?’ అనొచ్చు. అరమార్కు కూడా వేయరాదు.