గ్యాస్ మాత్రకు లొంగని ఒత్తిడి

మందుల దుకాణం దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఒత్తిడి ఎన్ని మారువేషాల్లో తిరుగుతోందో తెలుస్తుంది. ఛాతీ పట్టేసినట్టుందని ఒకరు గ్యాస్ మాత్ర అడుగుతారు. మెడ నొప్పికి ఒకరు పూత మందు కొంటారు. నిద్ర పట్టడం లేదు, చీటీ లేకపోయినా ఏదో ఒకటి ఇవ్వమని ఇంకొకరు బతిమాలుతారు. మనసు బాగోలేదని మాత్రం ఎవరూ అనరు.

అందులో మొహమాటం కొంత ఉన్నా, ముందు మొరపెట్టుకునేది శరీరమే. 1936లో ఒత్తిడి మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 'నేచర్' సైన్స్ పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, విపరీతంగా శ్రమపెట్టినా వాటి శరీరాలు ఒకే తీరుగా స్పందించాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుళ్లు పడ్డాయి. ఆ గ్రంథులు విడుదల చేసే అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు ఆపదలో మనల్ని కాపాడేవే, కానీ ఆపద గడిచాక తగ్గాలి. రాత్రి పదకొండింటికి అమెరికా క్లయింటుతో మీటింగు, తెల్లారితే పిల్లల స్కూలు బస్సు, ఐదో తేదీన ఇంటి రుణం వాయిదా ఉన్నవారికి ఆ తగ్గే వ్యవధి ఎక్కడిది?

అందుకే ఏదో ఒక్క లక్షణం కోసం వెతకడం కంటే మారిన అలవాట్లను గమనించడం మేలు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, నిద్రలో పళ్లు కొరకడం, చదివిన పేరానే మళ్లీ చదవడం, అయినదానికీ కానిదానికీ పిల్లల మీద విసుక్కోవడం. వీటిని ఇంట్లోవాళ్లే ముందు పసిగడతారు, మనం ఒప్పుకోం. అలాగని ప్రతిదాన్నీ ఒత్తిడి ఖాతాలో వేయడమూ తప్పే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండె దడ, నీరసం వస్తాయి. ఛాతీ నొప్పితోపాటు చెమటలు పట్టి, చెయ్యో దవడో లాగుతుంటే ప్రాణాయామం కాదు, వెంటనే ఈసీజీ కావాలి.

ఇక మందులకు తోడుగా చేసే అనుబంధ చికిత్సల సంగతి. నా లెక్కలో ఇక్కడ ధరకూ ఫలితానికీ పొంతన తక్కువ. పైసా ఖర్చులేని శ్వాస సాధననే చూడండి. సెకనుకొకటి చొప్పున నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. మామూలుగా తీసుకునే వాటిలో అది సగమో, అంతకంటే తక్కువో. వదిలే శ్వాస నెమ్మదించిన కొద్దీ మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం తగ్గుతుంది. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో పుస్తకంగా తెచ్చిన, కండరాలను సడలించే పద్ధతి కూడా అంతే సులువు. పిడికిలి ఐదు సెకన్లు గట్టిగా బిగించి ఒక్కసారిగా వదిలేయాలి. తర్వాత భుజాలు, దవడ, పిక్కలు. ఎంత బిగదీసుకుని కూర్చున్నామో వదిలినప్పుడే తెలుస్తుంది.

ధ్యానానికి గట్టి ఆధారమే ఉంది. 2022లో 'జామా సైకియాట్రీ' వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో ఆందోళన రుగ్మతలున్న 276 మందిలో కొందరికి ఆందోళన తగ్గించే ఎసిటలోప్రామ్ మాత్ర, మిగతావారికి ఈ క్షణం మీదే ధ్యాస నిలిపే మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానంలో ఎనిమిది వారాల శిక్షణ ఇచ్చారు. ఫలితం దాదాపు సమానం. అయితే ఆ శిక్షణ అంటే వారానికి రెండున్నర గంటల తరగతి, రోజూ ఇంట్లో ముప్పావు గంట సాధన. ఫోనులో ఐదు నిమిషాల యాప్‌కు ఆ ఘనత అంటగట్టకూడదు. ఇది చదివి, వాడుతున్న మాత్రలను ఎవరికి వారే మానేయడం ప్రమాదకరం.

మర్దన, నుదుటి మీద నూనె ధారగా పోసే శిరోధార, సుగంధ తైలాలు హాయినిస్తాయి. హాయికి విలువ లేదనను. వేలకు వేలు పోసి జబ్బు నయమవుతుందని నమ్మడం దగ్గరే పేచీ. అశ్వగంధ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొందరిలో కాలేయం దెబ్బతిన్న దాఖలాలున్నాయి, థైరాయిడ్ హార్మోన్లనూ పెంచగలదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. మూలికే కదా అని ఇతర మందులతో కలిపి మింగేవారు ఈ సంగతి తమ డాక్టరుకు చెప్పడమే లేదు.

ఏటా జూన్ 21న ఉద్యోగులతో ఆసనాలు వేయించి ఫొటోలు పెట్టే సంస్థలు, ఆ రాత్రే పన్నెండింటికి మెయిల్ పంపి పొద్దున్నకల్లా జవాబు కోరుతుంటాయి. పనిగంటలు తగ్గించాల్సిన చోట శ్వాస పాఠాలు చెప్పడం చౌక బేరం. ఇంటర్ పిల్లలను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, పరీక్షల ముందు ఒక పూట ధ్యానం చేయించే కాలేజీలదీ ఇదే ధోరణి.

ఇవన్నీ పాటించినా రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస కుదుటపడకపోతే మానసిక వైద్యులను కలవాల్సిందే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు రోజులు కూడా ఆగకూడదు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.