ఉప్పులో కప్పితే ప్రాణం లేచివస్తుందా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

వేసవి సెలవులు మొదలైనా, కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలు దగ్గరపడినా, మా నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల ఫోన్లలో ఒక సందేశం మళ్లీ ప్రత్యక్షమవుతుంది. దాని సారాంశం ఇది: "నీళ్లలో మునిగి చనిపోయిన మనిషి 3, 4 గంటల లోపల దొరికితే బతికించవచ్చు. క్వింటాలున్నర ఉప్పు పరిచి, బట్టలు తీసి దాని మీద పడుకోబెట్టి, మొహం తప్ప ఒళ్లంతా ఉప్పుతో కప్పండి. ఉప్పు ఒంట్లోని నీటిని మెల్లగా లాగేస్తుంది, మనిషికి తెలివి వస్తుంది. అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి." ఈ మధ్య దీనికి మూడు తోకలు కూడా మొలిచాయి. ఉప్పు వచ్చేలోగా కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించమని ఒకటి. నోట్లో నోరు పెట్టి ఊదడం పాతకాలపు పద్ధతి, ఛాతీ నొక్కితే చాలునని రెండవది. పసిపిల్లల ఛాతీ మాత్రం నొక్కరాదు, ఎముకలు విరుగుతాయని మూడవది. పుణ్యం వస్తుంది, పదిమందికి పంపండి అన్న వాక్యం సరేసరి.

పంపేవారిలో ఎవరికీ దురుద్దేశం లేదని నాకు తెలుసు. నాకు దీన్ని మొదట పంపింది మా మేనమామే. అయినా దీన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. 2022లో బళ్ళారి జిల్లాలోని ఒక పల్లెలో, మునిగి చనిపోయిన బాలుడి దేహాన్ని ఇటువంటి సందేశాన్ని నమ్మి గంటల తరబడి ఉప్పులో ఉంచారు, ఫలితం లేకపోయింది. వారు ఆ ఉప్పును కొని తెచ్చుకోవలసి వచ్చింది. ఇస్కపల్లి ఉప్పు కొటారుల పక్కన బతికే మనకు క్వింటాలున్నర ఉప్పు ఒక లెక్క కాదు, కాబట్టి ఈ సలహాను పాటించే ప్రమాదం మన దగ్గరే ఎక్కువ.

ఉప్పు నీటిని లాగుతుందన్న మాట అబద్ధం కాదు, అందుకే సందేశం నమ్మబుద్ధి అవుతుంది. అయితే ఉప్పు దేనిలోనుంచి నీటిని లాగుతుందో మన తీరంలో ఉప్పుచేప పెట్టే ఆడవాళ్లను అడిగితే చెబుతారు. చేపను పొట్ట చీల్చి, పేగులు తీసి, కోసిన కండకు ఉప్పు పట్టించి, రోజుల తరబడి ఉంచితే గాని నీరు బయటికి రాదు. ఊరగాయకైనా మామిడికాయను ముక్కలు కోయవలసిందే. మనిషి చర్మం పైపొర నీటిని లోపలికి గాని బయటికి గాని సులభంగా పోనివ్వదు. దాని కింద కొవ్వు, కండ, పక్కటెముకలు దాటి ఊపిరితిత్తుల్లోని నీటిని పైన పోసిన ఉప్పు లాగేయడం జరిగే పని కాదు. పైగా అక్కడ లాగడానికి ఉన్న నీరు కూడా మనం ఊహించుకున్నంత ఉండదు. మునిగినవారి ఊపిరితిత్తుల్లోకి చేరే నీరు చాలా సందర్భాల్లో ఒంటి బరువులో కిలోకు 4 మిల్లీలీటర్లను మించదు. 60 కిలోల మనిషికి అది 240 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుడు. ఆ గ్లాసుడు నీరు ఊపిరితిత్తుల గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సన్నని పొరను కడిగేస్తుంది, తిత్తులు మూతపడతాయి, రక్తానికి ఆక్సిజన్ అందదు. ప్రాణం తీసేది ఆ కొరత. సందేశం రాసినవారికి తెలియని విశేషం ఇంకొకటి ఉంది: సముద్రపు నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే, అందులోని ఉప్పు రక్తంలోని ద్రవాన్ని తిత్తుల్లోకి లాగుతుంది. ఉప్పు లాగుడు గుణం మునిగిన మనిషికి చేసేది మేలు కాదు.

ఇక 3, 4 గంటల గడువు. గాలి అందని మెదడు 4 నుంచి 6 నిమిషాలలోపే దెబ్బతినడం మొదలవుతుంది. గంటల లెక్క చెప్పే ఏ సలహా అయినా ఆ నిమిషాలను మింగేస్తుంది. గడ్డకట్టే చలిదేశాల సరస్సుల్లో అరగంటకు పైగా మునిగి కూడా బతికినవారు ఉన్నారన్నది నిజమే. మంచునీరు ఒంటిని, మెదడును త్వరగా చల్లబరచి వాటికి కావలసిన ఆక్సిజన్‌ను తగ్గించడం దానికి కారణం. మైపాడు సముద్రానికి, పెన్నకు, రొయ్యల గుంటకు ఆ చలి ఎక్కడిది?

తలకిందులుగా వేలాడదీయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఉప్పు కంటే ఇది పాత అలవాటు, మన ఒక్కరిదే కూడా కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1767లో, లండన్‌లో 1774లో మునిగినవారిని కాపాడడానికే సంఘాలు వెలిశాయి. ఆ రోజుల్లో అక్కడి వారు పీపా మీద మనిషిని బోర్లా వేసి దొర్లించేవారు, పొగాకు పొగను మలద్వారం గుండా ఎక్కించేవారు. అవన్నీ చేసి చూసి వదిలేశారు. 1950ల చివర నోటితో ఊపిరి ఊదే పద్ధతి, 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఛాతీ నొక్కే పద్ధతి వైద్యపరంగా నిలదొక్కుకున్నాయి. గొంతులో ముద్ద అడ్డుపడినప్పుడు పొట్ట నొక్కే పద్ధతిని ప్రచారం చేసిన డాక్టర్ హైమ్లిక్ దాన్నే మునిగినవారికీ వాడాలని ఏళ్ల తరబడి వాదించారు, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని సిఫారసు చేయలేదు. కారణం సులభం. పొట్ట నొక్కితే వచ్చేది పొట్టలోని నీరే, ఊపిరితిత్తుల్లోది కాదు. ఆ నీటితోపాటు పొద్దున తిన్న చద్దన్నం కూడా గొంతులోకి వస్తుంది, తెలివి లేని మనిషి దాన్ని ఊపిరిగొట్టంలోకి పీల్చుకుంటాడు.

ఇది నేను కళ్లతో చూశాను. అల్లూరు వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద, తొమ్మిదేళ్ల పిల్లవాడిని బయటికి తీసిన ఇద్దరు మనుషులు చెరొక కాలు పట్టుకుని, గోనెసంచి దులిపినట్లు పైకీ కిందకీ ఊపుతున్నారు. పిల్లవాడి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ముక్కులోంచి నురగ, నోట్లోంచి మెతుకులతో కలిసిన నీరు కారుతున్నాయి. నీళ్లు పడుతున్న కొద్దీ చుట్టూ ఉన్నవారు "వస్తండాయి, వస్తండాయి" అని ఆశపడుతున్నారు. ఒక పెద్దాయన "బిన్నా పోయి ఉప్పు బస్తా తీసకరాండబ్బా" అని బైకు మీద ఒక కుర్రవాడిని పంపించాడు. ఆ ఊపులాటలో కనీసం రెండు నిమిషాలు పోయాయి. సెలవుకు వచ్చి ఉన్న ఒక నర్సమ్మ పరుగున వచ్చి, "దించండన్నా, దించండి, కిందబెట్టండి" అని అరిచి పిల్లవాడిని చదునైన గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది, దాన్ని చెప్పడానికి సందేశంలోని రెండవ తోకకు రావాలి.

ఊదడం పాతదైపోయింది, ఛాతీ నొక్కితే చాలు అన్న మాట సగం నిజం. నడివయసు మనిషి గుండె ఆగి బజారులో కుప్పకూలినప్పుడు, అప్పటిదాకా పీల్చిన గాలి రక్తంలో మిగిలి ఉంటుంది గనుక, శిక్షణ లేని వ్యక్తి ఛాతీ ఒక్కటే నొక్కినా మేలు జరుగుతుంది. మునిగినవాడి సంగతి తిరగబడి ఉంటుంది: ముందు ఊపిరి ఆగింది, ఆ తర్వాత గుండె ఆగింది. రక్తంలో ఆక్సిజన్ మిగలలేదు, అటువంటి రక్తాన్ని ఎంత తిప్పినా మెదడుకు అందేదేమీ లేదు. అందువల్ల మునిగినవారికి ఊపిరితోనే మొదలుపెడతారు, నర్సమ్మ చేసిందీ అదే. పలకరించి, భుజం తట్టి చూడాలి. పలుకు లేక, మామూలుగా శ్వాస లేకపోతే, లేదా మధ్యమధ్య ఎగశ్వాస మాత్రమే ఉంటే, ఒకరిని 108కు ఫోను చేయమని చెప్పి ఆలస్యం లేకుండా మొదలుపెట్టాలి. నుదుటి మీద చేయి ఉంచి తలను వెనక్కి వంచి గడ్డం పైకెత్తాలి, ముక్కు మూసి, తన నోటితో అతని నోటిని గాలి పోకుండా కప్పి, ఛాతీ కొంచెం లేచేంత వరకు సుమారు ఒక సెకను ఊదాలి. అమెరికా మార్గదర్శకాలు మొదట 2 ఊపిర్లు అంటాయి, ఐరోపావి 5 అంటాయి. ఆ తేడా మీద గట్టున నిలబడి వాదించుకోనవసరం లేదు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో, మణికట్టుకు ఆనుకుని ఉన్న అరచేతి గట్టి భాగాన్ని ఉంచి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికి 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 నొక్కుళ్లకు 2 ఊపిర్లు. మెత్తని ఇసుక మీద చేస్తే ఛాతీతోపాటు వీపూ కిందికి దిగిపోతుంది, కాబట్టి తీరంలో తడిసి గట్టిపడిన ఇసుక మీదికి జరపాలి. మధ్యలో వాంతి అవడం మునిగినవారిలో మామూలే. అప్పుడు ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పి, కనిపించేదాన్ని వేలితో తీసి, మళ్లీ వెల్లకిలా వేసి కొనసాగించాలి. నురగ ఎంత వస్తున్నా దాన్ని తుడుస్తూ కూర్చోకుండా ఊదాలి.

పసిపిల్లల ఛాతీ నొక్కరాదన్న మూడవ తోక నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. ఏడాది లోపు బిడ్డలు సముద్రంలో మునగరు. తల్లి అన్నం దించడానికి లోపలికి వెళ్లినంత సేపట్లో, జానెడు నీళ్లున్న బక్కెట్టులో తలకిందులుగా పడతారు. ఆ బిడ్డ ఛాతీని నొక్కకుండా ఆస్పత్రికి ఎత్తుకుని పరుగెత్తడమంటే దారి పొడవునా మెదడుకు రక్తం లేకుండా ఉంచడమే. కొలత మారుతుంది గాని పని మారదు. రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి వీపు కింద వేళ్లు ఆనించి, చనుమొనల గీతకు కొంచెం దిగువన రొమ్ముటెముక మీద రెండు బొటనవేళ్లతో నొక్కాలి. చేతులు చాలకపోతే ఒక్క చేతి అరచేతి గట్టి భాగంతో నొక్కాలి. లోతు ఛాతీ మందంలో మూడో వంతు, సుమారు 4 సెంటీమీటర్లు. వేగం పెద్దవారిదే. ఊదేటప్పుడు మన నోటితో బిడ్డ నోటినీ ముక్కునూ కలిపి కప్పాలి, బుగ్గల్లో పట్టినంత గాలి చాలు. తలను పెద్దవారికి వంచినట్లు వెనక్కి వంచితే మెత్తని గొంతు నలిగి మూసుకుపోతుంది గనుక, ముఖం నేరుగా పైకి చూసేలా ఉంచాలి. ఏడాది దాటిన పిల్లలకు ఒక చేయి లేదా రెండు చేతులు, సుమారు 5 సెంటీమీటర్ల లోతు. ఎముక విరుగుతుందేమోనన్న భయానికి జవాబు: పిల్లల పక్కటెముకలు పెద్దవారి వాటి కంటే వంగుతాయి, విరగడం అరుదు, ఒకవేళ విరిగినా అతుక్కుంటుంది.

సందేశంలో ఉన్నదాని కంటే లేనిది కూడా తక్కువ ప్రమాదకరం కాదు. మునుగుతున్నవాడి కోసం ఈత రానివారు దూకి ఒకరికి ఇద్దరు, ఇద్దరికి ముగ్గురు పోవడం మన పత్రికల్లో తరచుగా చదివేదే. ముందు తాడు, చీర, వెదురుగడ, మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి. రొయ్యల గుంట అయితే ఏరేటర్లకు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలకు, కరెంటు ఆపే వరకు నీళ్లలో కాలు పెట్టరాదు. ఊపిరి తిరిగి వచ్చినవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిబట్టలు తీసి వెచ్చగా కప్పి, లేచి మాట్లాడుతున్నా సరే ఆస్పత్రికి పంపాలి, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తులు మొరాయించవచ్చు.

చివరికి ఒక వాదన మిగులుతుంది: "మా ఊళ్లో ఒకడు అట్లనే బతికినాడు." ఊపిరి పూర్తిగా ఆగనివాడు, ఆగినా క్షణాల్లోనే బయటపడినవాడు ఏమి చేసినా, ఒక్కోసారి ఏమీ చేయకపోయినా తేరుకుంటాడు, బతకనివారి కథను ఎవరూ పదిమందికి పంపరు. అల్లూరు వైపు ఆ పిల్లవాడు నర్సమ్మ నాలుగో విడత నొక్కుతుండగా దగ్గి, కక్కి, ఏడ్చాడు. 108 వచ్చి తీసుకుపోయింది. కుర్రవాడు బైకు మీద ఉప్పు బస్తా తెచ్చేసరికి గట్టు మీద తడిచెప్పులు తప్ప ఏమీ లేవు, బస్తా మూతి కుట్టు కూడా విప్పలేదు. మరుసటి ఏడాది అదే సందేశం నాకు మళ్లీ వచ్చింది, ఈసారి కింద ఒక వాక్యం చేర్చి ఉంది: "మా పక్క ఊళ్లో రొయ్యల గుంటలో పడిన పిల్లోడిని ఉప్పు తెప్పించి బతికించినారు, ఇది నిజం."