ధిక్కారానికీ ఒక దరఖాస్తు ఉండాలి

హనుమకొండ ఏకశిల పార్కు దగ్గర టెంటు వేసుకుని నిరసనకు కూర్చునేవారిని చూసినప్పుడల్లా నాబోటి చట్టబద్ధ పౌరుడికి కలిగే మనస్తాపం ఇంతా అంతా కాదు. చట్టం అన్యాయమనిపిస్తే వినతిపత్రం ఇచ్చి, రసీదు తీసుకుని, మనుమల కాలం దాకా వేచి ఉండాలి గానీ, నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టి, పోలీసు వ్యాను రాగానే పెళ్లి బస్సు ఎక్కినట్టు ఎక్కి కూర్చోవడం ఏం పద్ధతి?

ఈ దురలవాటు నేర్పినవాడు గాంధీ. 1930 మార్చి 12న దండికి బయలుదేరడానికి పది రోజుల ముందే, ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించబోతున్నానని వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం రాశాడు. 1922లో అహ్మదాబాద్ కోర్టులో రాజద్రోహ నేరం ఒప్పుకుని, ఆ చట్టం మంచిదని నమ్మితే అత్యధిక శిక్ష వేయమనీ, నమ్మకపోతే పదవి వదులుకోమనీ జడ్జికే చెప్పాడు. ఆరేళ్లు పడింది. బారిస్టరు చదివి కూడా ఒక్క సాకు దొరకకపోవడం విచారకరం.

మా కాలనీ పెద్దమనుషుల వినయం చూడండి. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు వేస్తారు. ఏ వైస్రాయ్‌కీ ఉత్తరం రాయరు. నోటీసు వస్తే తెచ్చినాయనకు చాయ్ పోసి, క్రమబద్ధీకరణ పథకం కోసం ఓపికగా కనిపెట్టుకుని ఉంటారు. చట్టం విరిగిన సంగతి చట్టానికి తెలియనివ్వరు కనుక దాని పరువుకు భంగం లేదు. టెంటు కింది వాళ్లకు ఈ నాజూకు అబ్బలేదు. అందరి ఎదుటా ఉల్లంఘించి, శిక్షకు నిలబడి, లాఠీ పడినా చెయ్యెత్తకపోయేసరికి, తప్పు ఎవరిదన్న అనుమానం చూసేవాళ్లకు మొదలవుతుంది. రాయి విసిరితే ఈ తంటా ఉండదు, కేసు తేలిక.

నిజాం సర్కారు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది. అనుమతి లేని సభలను గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో కట్టడి చేసింది. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను ఏర్పడకముందే నిషేధించింది. ముందుచూపంటే అదీ! అయినా ఆ అక్టోబరులోనే సత్యాగ్రహులు జట్లు జట్లుగా వచ్చి, చెప్పి మరీ అరెస్టయ్యారు.

కనుక ప్రభుత్వానికి నా మనవి: ధిక్కారాన్నీ క్రమబద్ధీకరించాలి. ఏ చట్టం అన్యాయమో రాసి, ఆ చట్టం తెచ్చిన శాఖ నుంచే నిరభ్యంతర పత్రం జతచేసి, మీసేవలో దరఖాస్తు పెట్టుకోవాలి. అనుమతి వచ్చేదాకా అన్యాయాన్ని యథావిధిగా అనుభవించాలి. రుసుము ఎంతన్నది నేను చెప్పలేను. ఎవరికి ఎంత ఇస్తే సరిపోతుందో మా కాలనీ పెద్దలకు బాగా తెలుసు.