హెవ్మ్‌కు ప్రాంత హోదా: తయారీ, వాడకం, చెత్తబుట్ట

కొత్త ప్రాంతం పుట్టాలంటే ఏళ్లు పడుతుందని కొందరి అపోహ. హెవ్మ్ అనే తూర్పు అంచు ఊరున్న పోలండ్‌లో 1975లో మే 28న చట్టం చేశారు, జూన్ 1న అమలు చేశారు. అప్పటిదాకా 17 ప్రాంతాలు, వాటితో సమాన హోదా ఉన్న 5 నగరాలు కలిపి 22 ఉండేవి. తెల్లారేసరికి 49 అయ్యాయి. వీటిని అక్కడ వొయెవుత్‌స్త్వో అంటారు. రాష్ట్రమనడానికి చిన్నది, జిల్లా అనడానికి దాని గొప్పలు ఒప్పుకోవు. అధిపతి పేరు వొయెవోదా, అంటే పాత అర్థంలో సేనాపతి. ఇప్పుడు సేన లేదు, రబ్బరు ముద్ర ఉంది.

తయారీ విధానం చూద్దాం. ముందు ఒక పాత ప్రాంతం కావాలి. లుబ్లిన్‌ను తీసుకున్నారు. అందులోంచి హెవ్మ్, జామొష్చ్, బియావా పొద్లాస్కా అని మూడు కొత్త ముక్కలు తీశారు. హెవ్మ్ ముక్క తూర్పున బూగ్ నది, ఆ ఒడ్డున సోవియట్ యూనియన్. విస్తీర్ణం 3,900 చదరపు కిలోమీటర్ల లోపే. జనం రెండున్నర లక్షల దరిదాపు, 49లోకెల్లా తక్కువ. పట్టణాలు నాలుగే: హెవ్మ్, క్రస్నిస్తావ్, వోదావా, రెయోవియెత్స్ ఫబ్రిచ్నీ. నాలుగోదానికి పేరులోనే ఫ్యాక్టరీ ఉంది కాబట్టి పరిశ్రమల కొరత లేదని లెక్క.

ఇక సామగ్రి. ఇక్కడే చిక్కు. జనం తగ్గారని కుర్చీలు తగ్గవు. వొయెవోదా కార్యాలయం, కమ్యూనిస్టు పార్టీ ప్రాంతీయ కమిటీ, మిలీషియా (అప్పటి పోలీసు) కమాండు, గణాంక శాఖ... జనంతో కిక్కిరిసిన పారిశ్రామిక ప్రాంతం కటొవిత్సెకు ఏమేం కావాలో హెవ్మ్‌కూ అవే కావాలి. జనాన్ని లెక్కపెట్టే ఆఫీసు ఉంది, లెక్కకు జనమే చాలలేదు.

పాలనను ప్రజల దగ్గరికి తేవడమే ధ్యేయమని ప్రభుత్వం చెప్పింది. అదే చేత్తో, మన పాత తాలూకాల్లాంటి పోవియత్‌లను మూడు వందలకు పైగా రద్దు చేసింది. క్రస్నిస్తావ్, వోదావాల్లో అప్పటిదాకా సొంత పోవియత్ కచేరీలు ఉండేవి. పాలన దగ్గరయ్యాక అక్కడివాళ్లు బస్సెక్కి హెవ్మ్‌కు రావలసి వచ్చింది.

అసలు కారణం తెలియని అమాయకుడు ఆనాటి పోలండ్‌లో ఎవడూ లేడు. ప్రాంతీయ పార్టీ కార్యదర్శులు సామంతరాజులై కూర్చున్నారు. రాజ్యాన్ని 49 ముక్కలు చేస్తే ఎవరి ముక్కా వార్సాను ఎదిరించేంత ఉండదు. ఈ కిటుకు పార్టీ అధినేత ఎడ్వర్డ్ గియెరెక్‌కు ఎవరూ నేర్పనక్కర్లేదు. కటొవిత్సె కార్యదర్శిగా పదమూడేళ్లు కూర్చుని, అక్కణ్నుంచే ఆయన సింహాసనం ఎక్కాడు. తాను ఎక్కిన నిచ్చెనను పొయ్యిలో పెట్టడం రాజనీతిలో మొదటి పాఠం.

హెవ్మ్‌కు ఈ గౌరవం కొత్తేమీ కాదు. 1912లో రష్యా జారు ప్రభుత్వం లుబ్లిన్, షెద్ల్‌త్సె గుబేర్నియాల (అప్పటి రష్యా ప్రాంతాల) నుంచి ముక్కలు కోసి ఈ ఊరి పేరనే ఒక గుబేర్నియా చేసింది. మూడేళ్లు తిరిగేసరికి జర్మన్, ఆస్ట్రియా సేనలు దాన్ని చుట్టేశాయి. 1918 ఫిబ్రవరిలో బ్రెస్ట్ ఒప్పందంలో ఈ నేలను ఉక్రెయిన్‌కు రాసిచ్చారు. సంతకం పెట్టినవాళ్లలో పోలండ్‌వాళ్లు ఒక్కరూ లేరు, అది వేరే సంగతి. 1944 జులై 22న కొత్త ప్రభుత్వ ప్రకటన హెవ్మ్‌లో వెలువడిందని కమ్యూనిస్టు పాఠ్యపుస్తకాలు పిల్లలతో వల్లె వేయించాయి. దాన్ని చదివింది మాస్కో రేడియో.

యూదుల జానపద కథల్లో హెవ్మ్ తెలివితక్కువ పండితుల ఊరు. నీళ్ల పీపాలో చందమామను చూసి, మూత బిగించి, పట్టేశామని సంబరపడిన మహానుభావులు వాళ్లు. ఆ కథలు చెప్పుకున్న జనాన్ని నాజీలు మిగల్చలేదు. కథలు మిగిలాయి. గుబేర్నియాకు గీత గీసింది పీటర్స్‌బర్గ్‌లో, వొయెవుత్‌స్త్వోకు వార్సాలో. పండితుల చిరునామా విషయంలో కథలు పొరబడ్డాయేమో.

వాడకం సంగతికొస్తే, 23 ఏళ్ల 7 నెలలు బాగానే నడిచింది. ఊరు పెరిగి 70 వేలకు చేరువైంది. జనానికి అలవాటైంది, అంటే పీకేయడానికి వేళయింది. 1998లో ప్రధాని యెజీ బుజెక్ ప్రభుత్వం 12 ప్రాంతాలు చాలంది. పార్లమెంటు 15 అంది. అధ్యక్షుడు క్వష్‌న్యెవ్‌స్కీ 17 కావాలని వీటో చేశాడు. బేరం 16 దగ్గర తెగింది. ఒపొలె పోరాడి నిలిచింది, కియెల్త్సె మిగిలింది. బిద్‌గొష్చ్, తొరూన్‌లు ఒకే ప్రాంతాన్ని పంచుకున్నాయి: వొయెవోదా ఒకచోట, ప్రాంతీయ సభ మరోచోట. హెవ్మ్ పేరు ఏ బేరంలోనూ గట్టిగా వినబడలేదు. 1999 జనవరి 1న తిరిగి లుబ్లిన్ ఒళ్లోకి చేరింది.

అప్పుడే రద్దయిన పోవియత్‌లను మళ్లీ తెచ్చారు. పదవి ఊడిన ఊళ్లకు ఓదార్పు బహుమతి ఇచ్చారు, పోవియత్ హోదా ఉన్న నగరమని. చెహనూఫ్, పీవా, షెరాజ్ మాత్రం అక్కర్లేదన్నాయి. హెవ్మ్ పుచ్చుకుంది. దాంతో హెవ్మ్ నగరం తనకు తానే ఒక పోవియత్. దాని చుట్టూ ఉన్న పల్లెలది హెవ్మ్ పోవియత్. ఆ పల్లెల పోవియత్‌కు కేంద్రం హెవ్మ్ నగరం, అది ఆ పోవియత్‌లో లేదు.

అనుమానముంటే ఆ పోవియత్ కచేరీ బయట ఆగిన కార్లను చూడండి. నంబరు పలక ‘ఎల్‌సీ’తో మొదలైతే నగరం బండి, ‘ఎల్‌సీహెచ్’తో మొదలైతే పోవియత్ బండి. మొదటి అక్షరం రెండింటికీ లుబ్లిన్‌దే.