వాపును వాపేనని చెప్పుకున్న దేశం

2016 జూలై 12న ఐర్లాండ్ కేంద్ర గణాంక కార్యాలయం ఒక అంకె బయటపెట్టింది. అంతకు ముందు ఏడాది దేశ జీడీపీ (స్థూల దేశీయోత్పత్తి) 26.3 శాతం పెరిగిందట. చైనా మంచి ఊపు మీదున్న రోజుల్లోనూ చూడని వేగమది. డబ్లిన్‌లో అద్దెలు కట్టలేక ఊరి చివరికి మారుతున్నవాళ్లకు ఆ వార్త ఎలా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్మన్ దానికి ‘లెప్రెకాన్ ఎకనామిక్స్’ అని పేరు పెట్టాడు. లెప్రెకాన్ అంటే ఐరిష్ జానపద కథల్లో బంగారు నాణేల కుండ దాచుకుని తిరిగే మరుగుజ్జు. లోకమంతా నవ్వింది.

ఐర్లాండ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. ఇంకొందరు మరో కొసను పట్టుకుంటారు: కార్పొరేట్ పన్ను 12.5 శాతానికి తగ్గించారు, కంపెనీలు పరుగెత్తుకొచ్చాయి, మనమూ అదే చేద్దాం అంటారు. పెట్టుబడుల సదస్సుల్లో ఈ పాట వినీవినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఐర్లాండ్ నుంచి నేర్చుకోవలసింది పన్ను రేటు కాదు, ఆ నవ్వులపాలైన తర్వాతి ఏడాదిలో వాళ్లు చేసిన పని.

ముందు వాపు ఎక్కడిదో చూద్దాం. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లు, సాఫ్ట్‌వేర్ హక్కుల్లాంటి మేధో ఆస్తులను కాగితాల మీద ఐర్లాండ్‌కు మార్చుకున్నాయి. కొత్త ఫ్యాక్టరీ లేచిందీ లేదు, ఆ అంకెకు తగ్గ ఉద్యోగాలు వచ్చిందీ లేదు. కానీ ఆ హక్కుల మీద ప్రపంచమంతటా వచ్చే రాబడి ఐరిష్ ఉత్పత్తి ఖాతాలో పడింది. దీనికి విమానాలు తోడయ్యాయి. ప్రపంచంలో లీజుకు తిరిగే విమానాల్లో సగానికి పైగా ఐర్లాండ్ నుంచి పనిచేసే కంపెనీల అధీనంలో ఉంటాయి. మీరు శంషాబాద్‌లో ఎక్కిన విమానం యజమాని డబ్లిన్‌లో ఒక ఆఫీసు అయి ఉండవచ్చు. ఆ విమానం ఏటా కొంత అరుగుతుంది. ఆ అరుగుదల తీసేయకముందు లెక్కకట్టేది కాబట్టే దాన్ని ‘స్థూల’ ఉత్పత్తి అంటారు. అంటే డబ్లిన్ మొహం చూడని విమానం రెక్క అరిగితే ఆ అరుగుదల కూడా ఐర్లాండ్ సంపద అంకెలో భాగమే!

మామూలుగా ఏ ప్రభుత్వమైనా ఏం చేస్తుంది? అంకె పెద్దదైతే హోర్డింగ్ పెడుతుంది. ఐర్లాండ్ గణాంక కార్యాలయం ఒక సమీక్షా బృందాన్ని వేసింది. అప్పటి సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ ఫిలిప్ లేన్ దానికి అధ్యక్షుడు. ఆ బృందం సలహా మేరకు 2017 జూలైలో కొత్త కొలమానం వచ్చింది: సవరించిన స్థూల జాతీయ ఆదాయం. పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి జీఎన్‌ఐ స్టార్ అంటారు. లీజు విమానాల అరుగుదల, మేధో ఆస్తుల అరుగుదల, పేరుకు మాత్రం ఐర్లాండ్‌కు మారిన కంపెనీల లాభాలు, అన్నీ తీసేశారు. 2016 జీడీపీ సుమారు 275 బిలియన్ యూరోలైతే కొత్త కొలతలో అది 189 బిలియన్లు. తమ దేశం దాదాపు మూడో వంతు చిన్నదని తమ చేతులతో రాసి, తమ ముద్ర వేసి ప్రకటించుకున్నారు. వాపును చూసి బలుపు అనుకునే ప్రభుత్వాలను రోజూ చూసే మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

దీనివల్ల ఒరిగిందేమిటంటారా? 2022లో ఐర్లాండ్ అప్పు జీడీపీలో 45 శాతం లోపే. యూరప్‌లో బుద్ధిమంతుల వరుస అన్నమాట. అదే అప్పును కొత్త కొలతతో చూస్తే 80 శాతం దాటుతుంది. కార్పొరేట్ పన్ను రాబడి 2014లో 4.6 బిలియన్ యూరోలు, 2023లో 23.8 బిలియన్లు. అందులో సగానికి పైగా పది కంపెనీల నుంచే. ఈ డబ్బు ఎప్పుడైనా ఆగిపోవచ్చని అక్కడి ఆర్థిక శాఖే హెచ్చరిస్తూ వచ్చింది, దాచుకోవడానికి నిధులూ పెట్టించింది. (వాటిలో ఒక నిధికి ఏటా వేసే సొమ్మును మాత్రం జీడీపీలో 0.8 శాతం అని నిర్ణయించారు. పాత అలవాటు ఓ పట్టాన పోదు.)

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు ఉన్నారు. పన్ను ఎగవేతకు గొడుగు పట్టిన దేశం లెక్కల పుస్తకం శుభ్రంగా ఉంచుకుంటే అది నిజాయితీ ఎలా అవుతుందని అడుగుతారు. ఆపిల్ నుంచి వసూలు చేయాల్సిన 13 బిలియన్ యూరోలు మాకొద్దు మొర్రో అని ఐర్లాండే కోర్టుకెక్కి, చివరికి 2024 సెప్టెంబర్‌లో యూరప్ కోర్టు ఆదేశిస్తే పుచ్చుకుంది. ఈ మాట నిజమే, నేను కాదనను. కానీ ఆ వాదనకు కావలసిన అంకెలన్నీ ఎక్కడివి? చాలావరకు ఐర్లాండ్ ప్రభుత్వ కార్యాలయాలు అచ్చేసినవే. తన మీద కేసు వేయడానికి పనికొచ్చే సాక్ష్యాన్ని తానే ప్రచురించే ప్రభుత్వాలు ఎన్నున్నాయి?

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టేసింది జీడీపీ కథ కాదు, కరెంటు మీటర్ల కథ. 2008లో రియల్ ఎస్టేట్ బుడగ పగిలింది. బ్యాంకులు మునిగాయి, వాటిని నిలబెట్టడానికి జనం సొమ్ము 64 బిలియన్ యూరోలు పోశారు. 2010లో విదేశీ అప్పు కోసం చేయి చాచాల్సి వచ్చింది. ఆ ఏడాది సర్వే చేస్తే సగంలో ఆగిన కాలనీలు 2,846 తేలాయి. రోడ్లు లేవు, వీధి దీపాలు లేవు, కిటికీలు లేని ఇళ్లలో గడ్డి మొలిచింది. వాటిని దెయ్యాల కాలనీలు అనేవారు. అక్కడి నుంచి కొన్నేళ్లకే కథ తిరగబడింది, ఇళ్లకు కటకట మొదలైంది. ప్రభుత్వం ప్రతి ఏడాదీ ఇన్ని వేల కొత్త ఇళ్లు కట్టాం అని అంకె చెబుతూ వచ్చింది. ఆ అంకె ఎక్కడిది? విద్యుత్ సంస్థ ఇచ్చిన కొత్త కనెక్షన్ల లెక్క. మీటర్ బిగిస్తే ఒక ఇల్లు పూర్తయినట్టే.

మా ఊళ్లో గొడ్లచావిడికీ మీటరుంది. ఐర్లాండ్‌లోనూ అంతే. పొలంలో షెడ్డుకు కనెక్షన్ ఇస్తే అదో ఇల్లు. రెండేళ్లకు పైగా తాళం పడి ఉన్న ఇంటికి మళ్లీ కరెంటు ఇస్తే అదో కొత్త ఇల్లు. ఎప్పుడో బూమ్‌లో గోడలు లేపి వదిలేసిన దెయ్యాల కాలనీ ఇంటికి ఇప్పుడు తీగ లాగితే అదీ కొత్త ఇల్లే. ఇది కుట్ర కాదు, బద్ధకం. అయితే అధికారంలో ఉన్నవాడికి సుఖాన్నిచ్చే బద్ధకాన్ని ఎవరూ వదిలించుకోరు. 2018లో గణాంక కార్యాలయం రంగంలోకి దిగి మీటర్లను ఒక్కో రకంగా విడదీసి లెక్కపెట్టింది. 2011 నుంచి 2017 దాకా 85 వేల ఇళ్లన్న చోట నిజంగా కొత్తగా కట్టినవి సుమారు 53,500. ఏడేళ్లలో 31 వేలకు పైగా ఇళ్లు కాగితం మీదే కొత్తవి. ఇళ్ల విధానమంతా ఆ లేని ఇళ్ల మీద నిలబడింది. 2024 చివరికి అత్యవసర వసతి కేంద్రాల్లో బతుకుతున్నవాళ్లు 15 వేలు దాటారు, వాళ్లలో పిల్లలే నాలుగు వేలకు పైన. లెక్క సరిచేసినంత మాత్రాన వాళ్లకు ఇల్లు రాలేదు. కానీ కట్టేశాం అని తప్పించుకునే దారి మూసుకుపోయింది.

పేదరికం లెక్క చూడండి. ఆదాయాల వరుసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి సంపాదనలో 60 శాతం కంటే తక్కువ వచ్చేవాళ్లు పేదలని యూరప్ సూత్రం. 2008లో సంక్షోభం విరుచుకుపడింది. 2009లో ఐర్లాండ్‌లో ఆ సూత్రం ప్రకారం పేదలు పెరగకపోగా కాస్త తగ్గారు! అందరి ఆదాయాలూ పడిపోతే గీత కూడా కిందికి దిగుతుంది మరి. ఆ గీతను మాత్రమే నమ్ముకుని ఉంటే, ఏ మంత్రి అయినా సంక్షోభంలోనూ పేదరికం తగ్గించాం అని ఉపన్యాసం దంచేవాడే.

అది కుదరలేదు. కారణం 1980ల నుంచీ అక్కడి పరిశోధకులు ఇంకో ప్రశ్నాపత్రం పట్టుకుని ఇళ్లకు వెళ్తున్నారు. మీకు రెండు జతల గట్టి బూట్లు ఉన్నాయా? వానకు తడవని కోటు ఉందా? రోజు విడిచి రోజైనా మాంసమో చేపో, శాకాహారులైతే దానికి సాటివచ్చేదో తింటున్నారా? డబ్బుల్లేక గత ఏడాది చలిలో హీటర్ వేసుకోకుండా గడిపిన రోజులున్నాయా? నెలకోసారి బంధువులనో స్నేహితులనో భోజనానికి పిలవగలరా? ఇలాంటివి 11. డబ్బు లేకే వీటిలో రెండు లేకపోతే ఆ మనిషి లేమిలో ఉన్నట్టు. ఈ లెక్కలో 2007లో 11.8 శాతం ఉన్నవాళ్లు 2013కి 30.5 శాతమయ్యారు. సూత్రం దాచింది బూట్ల జత బయటపెట్టింది.

ఈ అలవాటు ఒక్క రోజులో రాలేదు, వచ్చిన దారీ శుభ్రమైంది కాదు. ఐర్లాండ్‌ను దేశం మొత్తంగా మొదట వివరంగా కొలిచింది, దాన్ని జయించిన ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం వెంట వచ్చిన విలియం పెట్టీ, 1650లలో. గెలిచినవాళ్లు గుంజుకున్న భూములు పంచుకోవడానికి ఆ కొలత. 1847లో, కరవు జనాన్ని మింగేస్తున్న ఏడాదిలో, డబ్లిన్‌లో గణాంక సంఘం పుట్టింది. ఇప్పటి రిపబ్లిక్ భూభాగంలో 1841లో 65 లక్షల మంది ఉండేవాళ్లు, 1961కి 28 లక్షలు మిగిలారు. 1950లలోనే నాలుగు లక్షల మంది ఓడలెక్కారు. ఇలా జనం తరిగిపోతున్న భయంతోనే 1958లో టి.కె. విటేకర్ అనే అధికారి దేశం తలుపులు తెరవాలని నివేదిక రాశాడు. 1965లో చదువుల మీద వచ్చిన మరో నివేదిక, ప్రాథమిక బడితోనే ఆగిపోయే పిల్లలను లెక్కపెట్టి చూపింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో విద్యామంత్రి డోనా ఒమాలీ ఆర్థిక శాఖను అడక్కుండానే హైస్కూలు చదువు ఉచితమని ప్రకటించేశాడు. ఆ బడుల్లో చదివిన తరాలను చూసే తర్వాత కంపెనీలు వచ్చాయి. పన్ను రేటు ఒక్కటే చూసేవాళ్లకు ఈ ముక్క కనపడదు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. గణాంక కార్యాలయానికి 1949లో తొలి డైరెక్టర్ రాయ్ గియరీ. దేశాల ఆదాయాలను ధరల తేడాలు సరిచేసి పోల్చే పద్ధతుల్లో ఒకదానికి ఆయన పేరే ఉంది. దేశాలను పోల్చడం నేర్పినవాడి దేశమే, ఇప్పుడు ఏ పోలికలోనూ ఇమడకుండా పట్టికలన్నిటినీ పాడుచేస్తోంది.

ఇక మన సంగతి. తలసరి ఆదాయంలో మేమే ముందు అని రెండు తెలుగు రాష్ట్రాలూ ఏటా బడ్జెట్ రోజున తొడకొడతాయి. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా తలసరి ఎప్పుడూ పైవరుసలోనే, ఎందుకంటే గచ్చిబౌలి అద్దాల మేడలు ఆ జిల్లాలోవే. పక్కనే వికారాబాద్ జాబితాలో బాగా కింద. అదే రంగారెడ్డిలో చేవెళ్ల రైతుకు ఆ తలసరిలో ఎంత వాటా ఉందో చెప్పే స్టార్ గుర్తు మాత్రం ఎక్కడా ఉండదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అని రాష్ట్రమంతా ఇళ్లలో కూర్చుంది. హైదరాబాద్ నుంచి బస్సులు పట్టుకుని సొంతూళ్లకు పరుగెత్తినవాళ్లను చూశాం. ఆ వివరాలు పూర్తిగా జనం ముందుకు రానేలేదు. ఢిల్లీ సంగతి చెప్పనక్కర్లేదు. 2017-18లో చేసిన వినియోగ వ్యయ సర్వేను నాణ్యత బాగాలేదంటూ పక్కన పడేశారు. అంకె నచ్చకపోతే ఐర్లాండ్ దాని పక్కనే ఇంకో అంకెను నిలబెట్టింది, మనం సర్వేనే మాయం చేశాం.

2022 ఏప్రిల్ 3న జరిగిన ఐర్లాండ్ జనగణన పత్రంలో చివర ఒక ఖాళీ గడి వదిలారు. ఇష్టమైతే ఎవరైనా అందులో నాలుగు ముక్కలు రాయవచ్చు, వందేళ్ల తర్వాత గానీ ఎవరూ తెరవరు. ఆ రాత్రి లెక్కలో తేలిన భారత పౌరులు 45,449 మంది. డబ్లిన్‌లో ఒకే గది పంచుకుంటున్న ఏ తెలుగు కుర్రాళ్లో ఆ గడిలో తెలుగులో ఏదో రాసే ఉంటారు. 2122లో ఎవరో చదువుతారు. ఇక్కడ కూకట్‌పల్లిలోనో, గుంటూరులోనో ఉన్న వాళ్ల అమ్మానాన్నలను, ఆ పత్రం నింపేనాటికి, వాళ్ల దేశం ఆఖరుసారి లెక్కపెట్టింది 2011లో.